కొత్త కాపురము – కొత్త పద్దు

ఉగాదినాడు పంచాంగ శ్రవణము విననివారు తెలుగువారిలో అరుదు. ఆనాటి ఉదయము ఇంటిల్లిపాది రేడియో ముందు కూర్చుండి, పండితులవారు ఒక్కొక్క రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో చదువుచుండగా శ్రద్ధగా ఆలకింతురు. ఆదాయము 8, వ్యయము 2 అనిన ముఖములు వికసించును. ఆదాయము 2, వ్యయము 11 అనిన ఇల్లాలు ఇంటాయన వంక చూచి నవ్వును. ఆ నవ్వుతో ఆ ముచ్చట ముగియును. సంవత్సరమునకు ఒక దినము ఇంత ఆసక్తితో విను ప్రశ్నను తక్కిన దినములలో మన ఇంటిని గూర్చి మనము వేసికొనుట లేదు. వేసికొనినను, నెలాఖరున చేతిలో చిల్లర తరిగినప్పుడు చిరాకుతో వేసికొందుము. ఆ ప్రశ్నను నెలనెలా సంతోషముతో వేసికొనుట ఎట్లో, కొత్తగా కాపురము పెట్టిన దంపతులకు ఈ ప్రసంగములో మనవి చేయదలచితిమి.

సంతోషము అను మాటను మేము ఊరక వాడలేదు. పొదుపు అనగానే చాలమందికి చేదు మందు మింగినట్లు ముఖము మారును. అది కోరికలను చంపుకొనుట అనియు, నడివయసువారికి తగిన పని అనియు, పెండ్లియైన తొలి ఏడాదిలో దాని ప్రస్తావనయే ముచ్చట చెడగొట్టుననియు తలతురు. పిసినారితనమునకు, పొదుపునకు భేదము తెలియకపోవుటచే కలిగిన అపోహ ఇది. పిసినారికి డబ్బు దాచుటయే పని. దేనికొరకు దాచుచున్నాడో అతనికే తెలియదు. పొదుపరికి ఆ "దేనికొరకు" అనునదే ముందుగా తెలియును. పద్దు వ్రాయుట కోరికలకు కంచె వేయుట కాదు. పది కోరికలలో మనకు నిజముగా కావలసిన రెండింటిని ఎన్నుకొనుట. ఇద్దరును కూర్చుండి ఎన్నుకొన్నప్పుడు ఆ పనిలో ఒక ఆనందము కలదు. అది అనుభవించినవారికి మరల చెప్పనక్కర లేదు.

మా ఉదాహరణములను మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి తీసికొనుచున్నాము. ఒకప్పుడు చిత్తూరు జిల్లా పడమటి తాలూకాలని పిలిచిన సీమ ఇది. ఇచ్చట జీవనది లేదు. చెరువు నిండిన ఏడు ఒక తీరు, నిండని ఏడు మరొక తీరు. బోరుబావిలో నీరున్నంతవరకే పంట. ఇట్టి సీమలో డబ్బు అందరి ఇండ్లకు ఒకే నడకతో రాదు. మదనపల్లె టొమాటో రైతుకు అది వరదవలె వచ్చి పోవును. పుంగనూరు పాడి ఇంటికి సన్నని ధారగా వచ్చును. కుప్పము ఉద్యోగికి నెలకొకసారి కాలువ వదలినట్లు వచ్చును. రాబడి నడకనుబట్టి పద్దు మారవలెను. ఒకరి పద్ధతి మరొకరికి అతకదు. పొదుపు చేయబోయి విసిగి మానుకొన్నవారిలో పలువురు తమ రాబడికి తగని పద్ధతిని పట్టుకొన్నవారే.

ముందుగా మదనపల్లె. ఇచ్చటి టొమాటో మార్కెట్టు దేశములోని పెద్దవానిలో ఒకటి. 2023 జూలై నెలాఖరున ఇచ్చట మేలురకము టొమాటో టోకున కిలో 200 రూపాయల దరిదాపునకు పోయినది. అదే మార్కెట్టులో కిలో రెండు మూడు రూపాయలకు దిగజారి, కోతకూలి సైతము రాక, రైతులు కాయను రోడ్డు ప్రక్కన పారబోసిన రోజులును ఉన్నవి. నాటిన రెండు నెలలకు కోత మొదలై కొన్ని వారములపాటు సాగును. ఆ కొన్ని వారములలో వచ్చినదే తరువాతి కొన్ని నెలల జీతము. ధర పలికిన కోతలో చేతినిండ డబ్బు కనబడును. కొత్త దంపతులకు అది అంతయు తమదే అనిపించును. ఒక మోటారు సైకిలు, ఒక పెద్ద టెలివిజను, బంధువులకు విందు – ఇంతలో మరల నారు, ఊతకర్రలు, ఎరువులు, మందులు కొనవలసిన దినము వచ్చును. అప్పుడు మండీలో అడ్వాన్సు కొరకు చేయి చాపవలెను. అడ్వాన్సు తీసికొన్నచోటికే కాయను తోలవలసివచ్చును గనుక, ధర విషయమున ఆ రైతు మాటకు బలము తగ్గును. తొలి కోతలో లెక్క తప్పినందుకు రెండవ కోతలో వెల చెల్లించుట ఇది.

ఇట్టి ఇంటికి మేము చెప్పు పద్ధతి, పంటడబ్బును నాలుగు కుప్పలు చేయుట. మొదటి కుప్ప బాకీలది. రెండవది రాబోవు పంట పెట్టుబడిది. మూడవది ధర పడిపోవు పంటకొరకు దాచునది. అట్టి పంట ఏదో ఒకనాడు వచ్చి తీరును. ఈ మూడును పోగా మిగిలినది ఇంటి జీతము. దానిని తరువాతి కోతకు ఎన్ని నెలలున్నవో అన్ని భాగములు చేసి, నెలకొక భాగము మాత్రమే ఖర్చునకు తీయవలెను. ఉదాహరణకు 90,000 రూపాయలు మిగిలి, తరువాతి కోతకు ఆరు నెలలున్నచో, ఆ ఇంటి నెలజీతము 15,000 రూపాయలే గాని, ఆ ఇల్లు 90,000 రూపాయల ఇల్లు కాదు. ప్రతి నెల ఒకటవ తేదీన భర్త ఆ 15,000 తెచ్చి భార్య చేతిలో పెట్టుటలో, లేదా భార్య బ్యాంకునుండి తెచ్చి భర్తకు చూపుటలో, ఒక సరదా ఉన్నది. రైతు తనకు తానే జీతమిచ్చుకొనుచున్నాడు!

మదనపల్లెలోనే నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గములున్న చోటు. నేత ఇంటికి చీర మగ్గము దిగినప్పుడే కూలి. మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచు ఇంటికి పురుగు ఎదిగి గూడు కట్టుటకు నెల్లాళ్ళు కావలెను. గూళ్ళు అమ్ముడుపోయినప్పుడే డబ్బు. వీరికిని ఇదే సూత్రము వర్తించును.

పుంగనూరు పేరు చెప్పగానే ఆ పొట్టి ఆవు జ్ఞప్తికి వచ్చును. మూడడుగుల ఎత్తు మించని ఈ జాతి ఆవు కొద్దిపాటి మేతతో, కరవునకు ఓర్చుకొని, వెన్న అధికముగా గల పాలిచ్చును. పొదుపునకు బొమ్మ గీయవలెనన్నచో దీనిని గీయవచ్చును. అయితే నేడు ఈ ప్రాంతమున డెయిరీలకు పాలు పోయు ఇండ్లలో ఎక్కువగా కనబడునవి జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు. ఉదయమును సాయంకాలమును పాలు కేంద్రమునకు పోవును. వెన్న శాతమునుబట్టి వెల కట్టి, పది పదిహేను రోజులకొకసారి బిల్లు చెల్లింతురు. ధార సన్ననిదే గాని ఆగదు. ఆగదను ధీమాయే ఇచ్చట పొరపాటునకు మూలము. బిల్లులో వచ్చిన మొత్తమంతయు రాబడి అని భావించుట తగదు. దాణా, మేత, పశువైద్యము, ఆవును కొన్న అప్పు కంతు – ఇవి తీసివేసిన పిదప మిగిలినదే నికరము. అదియు పన్నెండు నెలలు రాదు. ఈనుటకు ముందు సుమారు రెండు నెలలు ఆవు వట్టిపోవును. పది నెలల నికరమును పన్నెండు నెలలకు పంచవలెనన్నచో, ప్రతి బిల్లు నికరములో ఆరవ వంతు తీసి వేరుగా ఉంచవలెను. ఈ చిన్న లెక్క తెలిసిన ఇంట ఆవు వట్టిపోయిన నెలలో దాణా అంగడిలో అప్పు వ్రాయించవలసిన పని ఉండదు.

మరియొక మాట. తెల్లవారుజామున లేచి పాలు పిండునది పెక్కు ఇండ్లలో స్త్రీయే. పాలు పిండు చేతికి బిల్లు ఎంత వచ్చినదో తెలియకపోవుట న్యాయము కాదు. అందువలన ఆ పద్దు ఆమె చేతితో వ్రాయుట మేలు.

ఇక కుప్పము. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రములు కలియు మూల ఇది. సంతలో మూడు భాషలు వినబడును. జోలార్‌పేట నుండి బెంగుళూరునకు పోవు రైలు మార్గము దీని మీదుగా పోవుటచే, సుమారు 100 కిలోమీటర్ల దూరములోనున్న ఆ నగరమునకు పనులకు, ఉద్యోగములకు పోవువారు ఇచ్చట కొల్లలు. నెలజీతపు ఇంట వరద లేదు, ఎండ లేదు, ఉన్నది చిల్లి. కుండ నిండుగనే వచ్చును, కాని ఇరువదవ తేదీనాటికి అడుగు కనబడును. ఎక్కడ కారినదో ఎవరికిని తెలియదు. 2016లో యూపీఐ చెల్లింపులు ఆరంభమైన పిమ్మట ఈ కారుట మరింత సులభమైనది. 500 రూపాయల నోటు చేయి విడిచినప్పుడు వ్రేళ్ళకు తెలియును. ఫోనుపై వ్రేలు ఆనించినప్పుడు మనసునకు తెలియదు. కాని ఆ ఫోనులోనే మందు కూడ ఉన్నది. ప్రతి చెల్లింపునకు వచ్చు సందేశము ఒక వ్రాసిపెట్టిన పద్దు. ఆదివారమునాడు వానిని చూచి పుస్తకములోని కెక్కించుటకు పది నిమిషములు చాలును.

అట్లు ఎక్కించినప్పుడు ఏమి కనబడునో చూడుడు. స్టేషను వద్ద కాఫీ, చిరుతిండి రోజుకు 40 రూపాయలు. నెలకు ఇరువది ఐదు పనిదినములు – 1,000 రూపాయలు. ఏటికి 12,000. కాఫీ మానుమని మేము చెప్పుట లేదు. తెల్లవారక ముందే రైలెక్కువానికి ఆ కాఫీయే ఆనాటి సుఖము కావచ్చును. అట్లయిన దానిని నిశ్చింతగా త్రాగవలెను. కాని 12,000 రూపాయలకు తగిన సుఖము అందులో లేదని తోచినచో, ఫ్లాస్కు కొనుటకు అది కారణము. నిర్ణయము మీదే, లెక్క మాత్రము కంటికి కనబడవలెను.

జీతపు ఇంటికి సూత్రమొకటే. జీతములో ఖర్చు పోగా మిగిలినది పొదుపు అనుకొన్నచో ఏమియు మిగలదు. జీతములో పొదుపు పోగా మిగిలినదే ఖర్చునకు అనుకొనవలెను. జీతము పడిన మరునాడే నిర్ణయించిన మొత్తము వేరు ఖాతాకు పోవునట్లు బ్యాంకులో ఒక్కసారి చెప్పియుంచినచో, నెలనెలా మనసుతో పోరాడవలసిన పని తప్పును. కంతుల విషయములో ఒక చిన్న పరీక్ష చెప్పెదము. ఫ్రిజ్జు గాని, బండి గాని కంతులపై కొనదలచినప్పుడు, సంతకము చేయుటకు ముందు మూడు నెలలు ఆ కంతు మొత్తమును మీ ఖాతాలోనే కట్టుకొని చూడుడు. ఇబ్బంది లేక కట్టగలిగినచో కొనవచ్చును. మూడు కంతుల సొమ్ము అప్పటికే చేతిలో ఉండును. కట్టలేకపోయినచో, అంగడివాని ముందు గాక మీ ఇంటిలోనే ఆ సంగతి తెలిసినది.

ఇక పద్దు పుస్తకము. కొత్త దంపతులకు తొలి పద్దు పుస్తకము వారు వ్రాసినది కాదు. అది పెండ్లిపందిరిలో ఎవరో పెద్దమనిషి కూర్చుండి వ్రాసిన చదివింపుల పుస్తకము. పెక్కు చోట్ల దీనినే ముయ్యి అందురు. ఎవరు ఎంత చదివించిరో, ఎవరు వెండి గిన్నె ఇచ్చిరో, ఎవరు చీర పెట్టిరో అందులో నుండును. దానిని అటుకపై పడవేయుట మంచిది కాదు. అందులోని ప్రతి పంక్తియు ఒక ఆశీర్వాదము. ఒక బాకీ కూడ. ఆ ఇంట పెండ్లి జరిగిననాడు ముయ్యి తిరిగి చదివింపవలెను. పెండ్లిండ్ల కాలము ఎప్పుడు వచ్చునో పంచాంగము ముందే చెప్పును. మాఘము, ఫాల్గుణము, వైశాఖము, శ్రావణము – ఇవి ఎదురుచూడని ఖర్చులు కావు. ఆ పుస్తకము తిరగవేసి, రానున్న ఏడాదిలో ఎన్ని పెండ్లిండ్లు రాగలవో లెక్కించి, పన్నెండు చేత భాగించి నెలనెలా తీసిపెట్టినచో, శుభలేఖ వచ్చినప్పుడు గుండె ఝల్లుమనదు. పెండ్లికి సంతోషముగా పోవచ్చును. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకును, కుప్పము తిరుపతి గంగమ్మ జాతరకును, తొలి ఏటి పండుగలకు అల్లుని రాకపోకలకును ఇదే మార్గము.

మీరు వ్రాయు పుస్తకమునకు శీర్షికలు ఎక్కువ అక్కరలేదు. వంటిల్లు, అద్దె, కరెంటు, నీరు, ప్రయాణము, బంధుత్వము, పండుగలు, అప్పులు, కంతులు, పొదుపు, స్వంత ఖర్చు – ఇవి చాలును. మొదటి పుటపై పసుపు కుంకుమ పెట్టి శ్రీకారము చుట్టు ఆచారము మనకున్నదే. మొదటి మూడు నెలలు ఏ ఖర్చును తగ్గింపవద్దు, ఊరక వ్రాయుడు. మన ఇల్లు ఎట్లు నడచుచున్నదో చూచుటకే ఆ మూడు నెలలు. చూడక తగ్గించిన ఖర్చు తిరిగి పెరుగును.

ఇంటిఖర్చుల లెక్కలనుండి పండితులు ఒక సూత్రము కనుగొనిరి. 1857లో జర్మనీ దేశస్థుడగు ఎర్నెస్టు ఎంగెల్ అను గణాంకవేత్త, కుటుంబపు రాబడి పెరిగినకొలది అందులో తిండికి పోవు వంతు తగ్గుచుండునని చూపెను. మన దేశమున ప్రభుత్వము జరిపిన గృహవ్యయ సర్వేలు దీనినే చెప్పుచున్నవి. 1999-2000లో గ్రామీణ కుటుంబముల వ్యయములో తిండికి నూటికి 59 వంతులు పోగా, 2022-23 నాటికి అది సుమారు 46 వంతులకు దిగినది. పట్టణములలో అది సుమారు 39. మీ మూడు నెలల పద్దు పూర్తియైన పిదప మీ ఇంటి వంతు ఎంతో కట్టి చూడుడు. దేశపు లెక్కలో మన ఇల్లు ఎచ్చట నిలుచునో చూచుకొనుట వినోదముగా నుండును. తిండి వంతు తగ్గుచుండగా చేతిలో డబ్బు నిలువకున్నచో, మరి అది ఎటు పోవుచున్నది అను ప్రశ్న దానంతట అదే పుట్టును.

జపాను దేశమున 1904లో హానీ మోతోకో అను పత్రికా రచయిత్రి గృహిణుల కొరకు ఒక ఇంటిపద్దు పుస్తకమును ప్రకటించెను. కాకెబో అను ఈ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. నెల మొదట ఎంత వచ్చును, ఎంత దాచదలచితిమి అని వ్రాసికొని, నెల చివర ఎంత ఖర్చైనది, వచ్చే నెల ఏది మార్చుకొందము అని తమను తామే ప్రశ్నించుకొనుట దాని సారము. ఆ చివరి ప్రశ్నయే పద్దుకు ప్రాణము. అంకెలు ఎక్కించి పుస్తకము మూసివేసినచో అది గుమాస్తా పని. వచ్చే నెలను గూర్చి మాటలాడుకొన్నచో అది కాపురము.

ఆ మాటలాడుటలో కొన్ని మర్యాదలు పాటింపవలెను. వారమునకొక దినము, ఇరువది నిమిషములు, భోజనమైన పిదప కూర్చుండుట మంచిది, ఆకలితో కూర్చుండరాదు. "ఎవరు ఖర్చుపెట్టిరి?" అని గాక, "ఎందుకు ఖర్చైనది?" అని అడుగవలెను. మొదటి ప్రశ్న తగవునకు, రెండవ ప్రశ్న ఆలోచనకు దారి తీయును. పుట్టింటికి పంపినది, కన్నవారికి ఇచ్చినది దాచిపెట్టక పద్దులో ఎక్కించవలెను. అది తప్పు పని కాదు. దాచినప్పుడే తప్పుగా మారును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇద్దరికిని సమానముగా కొంత స్వంత ఖర్చు ఉండవలెను. 300 కానిండు, 500 కానిండు, దానికి లెక్క చెప్పనక్కర లేదు. పూలు కొనిననేమి, సినిమా చూచిననేమి, పకోడీలు తినిననేమి! ఈ చిన్న స్వేచ్ఛ లేని పద్దు నాలుగు నెలలు నిలువదు.

అత్తమామలతో కలిసియుండు కోడలికి పెత్తనము తన చేతిలో లేదని తోచవచ్చును. కాని అత్తగారి అనుభవము ఏ పుస్తకములోను దొరకదు. వేసవిలో కొత్త చింతపండు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడ కొని, గింజ తీసి, ఉప్పు చల్లి జాడీకెత్తుట. కందులు, మిరపకాయలు, రాగులు పంట దిగినప్పుడే కొని భద్రపరచుట – ఇది ఆమె విద్య. "అత్తమ్మా, ఈ ఏడు చింతపండు ఎంత తీసికొందము?" అని కోడలు పుస్తకము చేతబట్టుకొని అడిగిన దినమున, ఆ ఇంటి పద్దు సగము ఆమె చేతికి వచ్చినట్లే.

ఈ పద్దుపై మేము ఇంత పట్టుపట్టుటకు కారణము అప్పు. పెండ్లికి చేసిన అప్పు, బోరునకు చేసిన అప్పు, వైద్యమునకు చేసిన అప్పు – ఈ సీమలో ఇవి తెలియని ఇల్లు లేదు. అప్పు చేసి పప్పుకూడు అను సామెతను సినిమావారు 1959లో చిత్రమునకు పేరుగా పెట్టి మనలను నవ్వించిరి. అనుభవములో అది నవ్వులాట కాదు. ఊరిలో వడ్డీని నూటికి రెండు, నూటికి మూడు అని చెప్పుకొందురు. మూడు అనగా చిన్న అంకెగానే వినబడును. కాని అది నెలకు. 50,000 రూపాయల అప్పునకు నెలకు 1,500, ఏటికి 18,000. రెండు సంవత్సరముల పది నెలలు గడచునప్పటికి వడ్డీయే అసలును మించిపోవును, అసలు మాత్రము ముట్టక అట్లే యుండును. ఇంటిలో అప్పున్నదని భార్యకు తెలియునది అప్పులవాడు గుమ్మములో నిలిచిననాడు కారాదు. తొలి నెల పద్దులోనే, ఎవరి పక్షమున ఎంత అప్పున్నదో, వడ్డీ ఏటికెంతో, ఇద్దరును ఒక పుటపై వ్రాసికొనవలెను. అధిక వడ్డీ అప్పు తీర్చుటకు మించిన పొదుపు లేదు.

దాచినది ఎచ్చట ఉంచవలెను? పోపుల డబ్బాలో దాచుట మన తల్లులు ఎరిగిన బ్యాంకు. అత్యవసరమునకు కొంత అచ్చట ఉండవచ్చును, అంతయు నుండరాదు. తపాలా కార్యాలయపు పొదుపు బ్యాంకు 1882 నుండి ఉన్నది. అందులో రికరింగ్ డిపాజిట్టు నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టవచ్చును, గడువు ఐదేండ్లు. 2023 అక్టోబరులో నిర్ణయించిన నూటికి 6.7 వడ్డీ చొప్పున కట్టి చూచినచో, నెలకు 1,000 వంతున ఐదేండ్లలో కట్టిన 60,000 రూపాయలు 71,000 దాటును. ఈ వడ్డీరేట్లను ప్రభుత్వము మూడు నెలలకొకసారి సమీక్షించుచుండును గనుక, చేరునాడు అడిగి తెలిసికొనవలెను. బ్యాంకు డిపాజిట్లకు మన దేశమున 1962 నుండి భీమా ఉన్నది. 2020 ఫిబ్రవరిలో ఆ హామీని ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిట్టుదారునకు 5 లక్షల రూపాయలకు పెంచిరి. చీటీలకు ఈ భీమా లేదు. చీటీ ముందుగా పాడుకొన్నవానికి అది అప్పు. చివరివరకు ఆగినవానికి అది పొదుపు. మీరు దేనికి చేరుచున్నారో ముందు తేల్చుకొనవలెను. 1982 చీటీ నిధుల చట్టము క్రింద రిజిస్టరైన చీటీయా కాదా అని అడుగుటకు మొగమాటపడరాదు. ఎరిగినవారే గదా అని చేరిన చీటీ మునిగినప్పుడు, డబ్బుతోపాటు ఎరుకయు పోవును.

స్త్రీలు పొదుపును ఆనందముగా మార్చుకొన్న నిదర్శనము మన రాష్ట్రముననే కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు ఎదురుతిరిగిరి. ఆ ఉద్యమము వ్యాపించి, 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషేధమునకు దారి తీసినది. సారా అంగడికి పోవు డబ్బు ఇంట మిగులునప్పటికి, ఆ జిల్లా స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున దాచుటకు సంఘములుగా కూడిరి. పొదుపులక్ష్మి అను చక్కని పేరు దానికి వచ్చినది. రోజుకొక రూపాయి, నెలకు 30 రూపాయలు – ఎవరికిని భారముకాని మొత్తము. కాని పదిమంది కలిసి దాచునప్పటికి అందులోనుండి ఒకరి బిడ్డ చదువునకు, ఒకరి మేకకు, ఒకరి వైద్యమునకు తక్కువ వడ్డీకి అప్పు పుట్టెను. స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో జతపరచు కార్యక్రమమును నాబార్డు 1992లోనే ఆరంభించియుండుటచే, అట్టి సంఘములకు బ్యాంకు తలుపు తెరచుకొన్నది. నేడు రాష్ట్రమున డ్వాక్రా సంఘము లేని పల్లె అరుదు. అక్షరము రాని స్త్రీలు కూడ సంఘపు పద్దు చదివించుకొని విని, రూపాయి తేడా వచ్చినను పట్టుకొందురు. సమావేశపు దినమున డబ్బు కట్టుటకు మించి కలిసి మాటలాడుకొనుటకే పోవుదుమని చెప్పువారున్నారు. ఆ మాటలో ఆశ్చర్యము లేదు. పొదుపును ఒంటరిగా చేసినప్పుడు అది నియమము; నలుగురితో చేసినప్పుడు అది ముచ్చట. కొత్త కోడలు అత్తవారి ఊరిలోని సంఘమున చేరినచో పొదుపుతోపాటు పదిమంది అక్కచెల్లెండ్రు లభింతురు.

చివరిగా ఒక చిట్కా. దాచు డబ్బుకు పేరు పెట్టుడు. పేరులేని డబ్బును చిన్న అవసరము కూడ ఎత్తుకొనిపోవును. "హార్స్‌లీ కొండ ప్రయాణము" అనియో, "కుట్టు మిషను" అనియో, "పురుటి ఖర్చు" అనియో, "రెండవ ఆవు" అనియో పుస్తకమున ఒక పుటకు పేరు పెట్టి, దాని క్రింద నెలనెలా చేరిన మొత్తమును వ్రాయుచుండుడు. కావలసినదానిలో సగము చేరిన దినమున ఇంటిలో పాయసము వండుకొనుడు. మొట్టమొదట చిన్న కోరికను ఎన్నుకొనుడు. మూడు నాలుగు నెలలలో తీరునది కావలెను. అది తీరినప్పుడు, ఒకరిని అడుగక, ఒకరికి వడ్డీ కట్టక, మన డబ్బుతో మనము తెచ్చుకొన్నామను తృప్తి ఇద్దరికిని తెలియును. ఆ రుచి తెలిసిన పిదప పెద్ద కోరికకు రెండేండ్లు ఆగు ఓపిక దానంతట అదే వచ్చును. పొదుపులోని ఆనందము ఉపదేశముచే కలుగదు; తొలి కోరిక తీరుటచే కలుగును.

ఈ నెలలోనే ఒక పుస్తకము కొని మొదలుపెట్టుడని మా మనవి. వరుస ఒకరు వ్రాసినను కూడిక మరొకరు చేయవలెను. ఏ పుట తెరచినను ఇద్దరి చేతివ్రాతయు కనబడవలెను.